గుడ్డు పగలకముందే మేత సిద్ధం: చేపపిల్లల కోసం ఇంట్లో ఇన్ఫుసోరియా, వెనిగర్ ఈల్స్, మైక్రోవర్మ్, ఆర్టీమియా

ఫైటర్ (బెట్టా) చేప గుడ్లు పెట్టిన 24 నుంచి 48 గంటల్లో పిల్లలు బయటపడతాయి. ఆ తర్వాత రెండు మూడు రోజులు నురగ గూడు కింద తోకలు వేలాడేసుకుని, పొట్టకున్న సొనసంచితోనే గడిపేస్తాయి. సంచి కరిగిపోయి అడ్డంగా ఈదడం మొదలుపెట్టిన రోజు నుంచి వాటికి నోట్లో పట్టేంత సన్నటి తిండి కావాలి. అది కదులుతూ ఉండాలి, పొద్దున్నుంచి రాత్రిదాకా ట్యాంకులో అందుబాటులో ఉండాలి. పిల్ల మొత్తం పొడవే మూడు మిల్లీమీటర్లు, ఇక నోరెంతుంటుందో చెప్పక్కర్లేదు. ఈ వయసులో పొడి మేత వేస్తే చాలామట్టుకు అడుక్కి చేరి కుళ్ళుతుంది. కదలనిదాన్ని అవి తిండిగా గుర్తించవు. పిల్లలు ఆకలితో కొన్ని, పాడైన నీళ్లతో కొన్ని పోతాయి. వారం తిరిగేసరికి ట్యాంకు ఖాళీ.

గుడ్లు కనబడ్డాక మేత కోసం వెతికితే అందదు. ఇన్ఫుసోరియా (నీళ్లలో పెరిగే సూక్ష్మజీవులు) పట్టుకు రావడానికి వారం, వెనిగర్ ఈల్స్ (వెనిగర్‌లో పెరిగే సన్నటి పురుగులు) చిక్కబడటానికి నెల పడుతుంది. అందుకే పని వెనకనుంచి ముందుకి లెక్కేసుకోవాలి. జంటను కలపబోయే రోజుకి నెల ముందు వెనిగర్ ఈల్స్ సీసా పెట్టాలి. పది రోజుల ముందు ఇన్ఫుసోరియా జాడీలు, ఐదు రోజుల ముందు మైక్రోవర్మ్ (తడిపిన పిండిలో పెరిగే సన్నటి పురుగులు) డబ్బా. ఆర్టీమియా (ఉప్పునీళ్లలో బతికే చిన్న రొయ్యలాంటి జీవి) ఒక్కటే ఒకరోజు ముందు పెట్టినా సరిపోతుంది. అయితే గుడ్డుపొడి, అంటే పొడిలా దొరికే ఆర్టీమియా ఎండు గుడ్లు, పనిచేస్తోందో లేదో మాత్రం వారం ముందే పరీక్షించి పెట్టుకోవాలి.

ఏ పిల్లకు ఏది

పారామీషియం లాంటి ఇన్ఫుసోరియా జీవులు 0.05 నుంచి 0.3 మిల్లీమీటర్ల దాకా ఉంటాయి. వెనిగర్ ఈల్స్, మైక్రోవర్మ్ రెండూ పొడవులో ఒకటి రెండు మిల్లీమీటర్లున్నా దారప్పోగు కంటే సన్నం, కాబట్టి చిన్న నోళ్లలోకీ పోతాయి. అప్పుడే పొదిగిన ఆర్టీమియా పిల్ల 0.4 నుంచి 0.5 మిల్లీమీటర్లు. నాలుగింటిలో ఇదే లావు, పిల్లల్ని నిజంగా పెంచేది కూడా ఇదే. మిగతా మూడూ పిల్లల్ని ఆర్టీమియా తినే సైజుదాకా బతికించడానికే అనుకోండి.

గప్పీ, మోలీ, ప్లాటీ పిల్లలు పుట్టడమే పెద్దగా పుడతాయి. వాటికి తొలిరోజే ఆర్టీమియా వేయొచ్చు, ఈ గైడులో సగం మీకు అక్కర్లేదు. ఏంజెల్, గోల్డ్‌ఫిష్ పిల్లలూ ఈదడం మొదలవగానే ఆర్టీమియా పట్టగలవు. ఫైటర్‌కి మొదటి మూడు నాలుగు రోజులు సన్నటి మేత కావాలి. గౌరామి రకాలకు, ముఖ్యంగా డ్వార్ఫ్, హనీ గౌరామిలకు వారం, అంతకంటే ఎక్కువే ఇన్ఫుసోరియా పడుతుంది. ఇన్ఫుసోరియా లేకుండా గౌరామి పిల్లల్ని బతికించాలనుకోవడం అత్యాశ.

నీళ్ల సంగతి

హైదరాబాద్ జలమండలి నల్లా నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. అది ఉన్నదే సూక్ష్మజీవుల్ని చంపడానికి, మనం చేయబోయేది వాటిని పెంచడం. బకెట్లో పట్టి, మూత లేకుండా, ఎయిర్ స్టోన్ వేసి 24 గంటలు ఉంచండి. తొందరైతే షాపులో దొరికే యాంటీ క్లోరిన్ చుక్కలు లేదా హైపో (సోడియం థయోసల్ఫేట్) వాడొచ్చు. బోరు నీళ్లు, ట్యాంకరు నీళ్లు వాడేవాళ్లకి క్లోరిన్ బాధ తక్కువ గానీ నగరంలో చాలాచోట్ల బోరు నీళ్లు బాగా గట్టివి, అంటే లవణాలు ఎక్కువ. ఇన్ఫుసోరియాకి దానివల్ల నష్టం లేదు, ఆర్టీమియాకి మేలే. బోరు నీటిని తోడిన వెంటనే పోయకుండా ఒక రాత్రి గాలి తగలనివ్వండి. ఆర్‌ఓ నీళ్లు మైక్రోవర్మ్, వెనిగర్ ఈల్స్‌కి బాగానే పనిచేస్తాయి. ఇన్ఫుసోరియాకి మాత్రం నడుస్తున్న ట్యాంకు నీళ్లే సగం ఉండాలి, ఎందుకంటే విత్తనం, అంటే పెరగాల్సిన తొలి జీవులు, అందులోనే ఉంటుంది.

ఇన్ఫుసోరియా

రెండు లీటర్ల వెడల్పు మూతి గాజు జాడీలు రెండు తీసుకోండి. సబ్బు వాసన కూడా ఉండకూడదు. ఒక్కోదాంట్లో 750 మి.లీ. పాత ట్యాంకు నీళ్లు, 750 మి.లీ. క్లోరిన్ పోయిన నీళ్లు పోయండి. స్పాంజ్ ఫిల్టర్‌ని ఆ ట్యాంకు నీళ్లలోనే ఒకసారి పిండితే వచ్చే గోధుమరంగు మడ్డి రెండు చెంచాలు కలపండి. ట్యాంకులో ఈమధ్య మందులు వేసి ఉంటే ఆ నీళ్లు వద్దు.

మేతగా ఈ మూడింటిలో ఏదో ఒకటి చాలు: రెండు నిమిషాలు మరిగించి చల్లార్చిన, అరచేతిలో సగమంత క్యాబేజీ ఆకు; పగిలేదాకా ఉడికించిన గోధుమ గింజలు పది; ఎండి రాలిన నాటు బాదం ఆకు పావు ముక్క. బాదం చెట్లు నగరంలో వీధికొకటి కనిపిస్తాయి. పచ్చి ఆకు తెంపకండి, గోధుమరంగు తిరిగి తనంతట రాలినదే తెచ్చి కడిగి ఆరబెట్టుకోండి. రోడ్డు దుమ్ము, పొగ పట్టిన చోటిది వద్దు. క్యాబేజీ మార్కెట్‌దైతే పై రెండు పొరలు తీసేసి లోపలి ఆకు వాడండి, పురుగుమందు అవశేషాలు పైపొరల్లోనే ఎక్కువ.

మూతికి పలచటి నూలుగుడ్డ రబ్బరు బ్యాండుతో బిగించండి. ఇది దుమ్ము కోసం కాదు, దోమ కోసం. డెంగీ దోమకి నిలవున్న ఏ కొంచెం శుభ్రమైన నీళ్లయినా చాలు. గుడ్డలేని జాడీలో వారంలో మనకి ఇన్ఫుసోరియా బదులు దోమపిల్లలు వస్తాయి. ఫైటర్ తల్లితండ్రులకి అవి పండగే గానీ, పక్కింటివాళ్లకి కాదు.

జాడీని కిటికీ పక్కన, వెలుతురు పడేచోట, నేరుగా ఎండ తగలకుండా పెట్టండి. ఇక ఏం జరుగుతుందంటే: రెండోరోజుకి నీళ్లు తెల్లగా మసకబారతాయి, కొంచెం వాసన వస్తుంది. ఇది బ్యాక్టీరియా. కొత్తవాళ్లు చాలామంది ఇక్కడే పాడైపోయిందనుకుని పారబోస్తారు. ఆగండి. ఆ బ్యాక్టీరియాని తినే జీవులు నాలుగోరోజు నుంచి పెరుగుతాయి. ఐదు నుంచి ఏడు రోజుల్లో మసక తగ్గి నీళ్లు తేరుకుంటాయి, వాసన తడిమట్టి వాసనగా మారుతుంది. అప్పుడు జాడీ వెనక నల్లగుడ్డ పెట్టి, పక్కనుంచి టార్చి వేసి చూడండి. తమంతట తాము దిక్కు మార్చుకుంటూ తిరిగే తెల్లటి నలుసులు కనిపిస్తే అవే. నగల దుకాణంవాళ్లు వాడే 10 రెట్ల లెన్సుంటే పారామీషియం మెలితిరుగుతూ పోవడం కూడా తెలుస్తుంది. అన్నీ ఒకే దిక్కుగా నెమ్మదిగా దిగిపోతుంటే అది మడ్డి, జీవం కాదు.

కుళ్ళిన గుడ్డు వాసన వస్తే మాత్రం పారబోయాల్సిందే. మేత ఎక్కువై ఆక్సిజన్ అయిపోయిందని అర్థం. అలాంటి జాడీలోంచి ఒక్క సిరంజి కూడా పిల్లల ట్యాంకులో పోయొద్దు. మరోసారి పెట్టేటప్పుడు ఆకు సగానికి తగ్గించి, ఎయిర్ పంపు నుంచి క్షణానికో బుడగ వచ్చేలా సన్నగా గాలి ఇవ్వండి. నీళ్లు ఆకుపచ్చగా మారితే కంగారొద్దు, అది నాచు. అందులోనూ సూక్ష్మజీవులుంటాయి.

నీళ్లు పూర్తిగా తేటపడితే లోపలున్నవాటికి తిండి అయిపోయినట్టు. మూడు నాలుగు రోజులకోసారి ఐదారు చుక్కల పాలు వేయండి. చెంచా కాదు, చుక్కలే. రెండు వారాలయ్యాక జాడీ బలహీనపడుతుంది. అందుకే రెండో జాడీని మొదటిదానికి నాలుగైదు రోజులు ఆలస్యంగా మొదలుపెట్టి, మొదటిదాంట్లోంచి 100 మి.లీ. దీంట్లో పోయండి. అప్పుడు విత్తనం ముందే ఉంటుంది కాబట్టి త్వరగా పట్టుకుంటుంది.

తీయడానికి మెడికల్ షాపులో దొరికే 10 మి.లీ. సిరంజి, సూది లేకుండా. అడుగు కలపకుండా, వెలుతురున్నవైపు పై పొరలోంచి తీయండి. ఇంకా శుభ్రంగా కావాలంటే కింద వెనిగర్ ఈల్స్ దగ్గర చెప్పిన పొడవాటి మెడ సీసా పద్ధతి పారామీషియంకీ పనిచేస్తుంది, అవి పైకే చేరతాయి.

ఇంత శ్రమ లేని దారి ఒకటుంది. నెలల తరబడి నడుస్తున్న, జావా మాస్ (నీళ్లలో పెరిగే నాచులాంటి మొక్క) దట్టంగా పెరిగిన, నత్తలున్న చిన్న ట్యాంకులోనే గుడ్లు పెట్టించడం. ఆ మాస్‌లో ఎప్పుడూ ఇన్ఫుసోరియా ఉంటుంది. జాడీ పెట్టినా సరే, గుప్పెడు పాత మాస్ పిల్లల ట్యాంకులో వేయండి. కొత్తగా కడిగి తళతళలాడే ట్యాంకులో పిల్లలు ఆకలితో పోవడం ఖాయం.

చెరువు నీళ్లు తెచ్చి మొదలుపెట్టాలన్న ఆలోచన వద్దు. మన చెరువుల్లో మురుగు కలుస్తుంది. మురుగు లేకపోయినా తూనీగ పిల్లలు, హైడ్రా (అంటుకుని ఉండి వేటాడే చిన్న నీటిజీవి) వెంట వస్తాయి. రెండూ చేపపిల్లల్ని తింటాయి.

వెనిగర్ ఈల్స్

బద్ధకస్తులకు సరైన కల్చర్ (మేత జీవుల పెంపకం) ఇది. ఒకసారి పట్టుకుంటే ఆరునెలలు పట్టించుకోకపోయినా బతుకుతుంది. మంచినీళ్లలో రోజులకొద్దీ ఈదుతూ, నీటి మధ్యన, పైన తిరుగుతుంది కాబట్టి పిల్లలకి ఎదురుగానే దొరుకుతుంది. మైక్రోవర్మ్ అలా కాదు, అడుక్కి దిగిపోతుంది.

కావలసినవి: యాపిల్ సిడార్ వెనిగర్ 500 మి.లీ., క్లోరిన్ లేని నీళ్లు 500 మి.లీ., తొక్కతీసిన యాపిల్ పావు ముక్క, స్టార్టర్ (పురుగులున్న పాత కల్చర్) 100 మి.లీ. తొక్క ఎందుకు తీయాలంటే అమ్మకానికొచ్చే యాపిల్ మీద మైనం పూత ఉంటుంది. కిరాణా షాపులో చవగ్గా దొరికే తెల్లటి సింథటిక్ వెనిగర్‌తో పని కాదని కాదు గానీ, దాంట్లో ఆమ్లం తప్ప తినడానికేం ఉండదు. భారం మొత్తం యాపిల్ ముక్క మీదే పడి కల్చర్ నెమ్మదిగా సాగుతుంది. సిడార్‌దే కొనండి, ఒక్కసారి ఖర్చు.

వెడల్పు సీసాలో మూడొంతులు నింపండి. మెడదాకా నింపితే గాలి తగిలే పైభాగం తగ్గిపోయి పురుగులు పెరగవు. గుడ్డ కట్టి, అల్మరాలో చీకట్లో పెట్టినా చాలు. యాపిల్ ముక్క కరిగి అడుగున మడ్డి కావడం మామూలే. మూడు నాలుగు వారాలకి టార్చి వెలుతుర్లో, నీటి అంచున వెండిరంగు సన్నటి మెలికలు కదులుతూ కనిపిస్తాయి. అప్పుడు సగం తీసి రెండో సీసా మొదలుపెట్టండి. రెండోదాన్ని ముట్టుకోవద్దు, అది బీమా.

వెనిగర్‌తో సహా ట్యాంకులో పోయకూడదు, పీహెచ్ పడిపోతుంది. వేరు చేసే పద్ధతి ఇది. పొడవాటి సన్న మెడ ఉన్న గాజు షర్బత్ సీసా తీసుకుని కల్చర్‌ని మెడ మొదలుదాకా పోయండి. ఫిల్టర్ దూదిని ఉండచేసి మెడలోకి, కల్చర్‌కి తగిలేదాకా నెట్టండి. గట్టిగా కూరొద్దు, పురుగు దూరడానికి సందుండాలి. దూది మీద నెమ్మదిగా నాలుగైదు సెంటీమీటర్ల ఎత్తున మంచినీళ్లు పోయండి. కింద ఆక్సిజన్ తగ్గేకొద్దీ పురుగులు దూదిలోంచి పైకి, మంచినీళ్లలోకి వస్తాయి. 12 నుంచి 24 గంటల్లో ఆ నీళ్లు మసకబారతాయి. సిరంజితో తీసి నేరుగా ట్యాంకులో వేయండి, మళ్లీ మంచినీళ్లు పోయండి. మూడు నాలుగు రోజులయ్యాక సీసాలోని కల్చర్‌ని తిరిగి పెద్ద సీసాలో కలిపేయాలి, లేదంటే గాలాడక చస్తాయి.

నీళ్లు పోసేటప్పుడు దూది లేచిపోతే వెనిగర్ కలిసిపోతుంది. పైనీళ్లు వాసన చూస్తే తెలిసిపోతుంది. పులుపు వాసనుంటే పారబోసి మళ్లీ పోయండి.

మైక్రోవర్మ్

కర్రీ పాయింట్ డబ్బా, అర లీటరుది, దీనికి కొలిచినట్టు సరిపోతుంది. మూతకి వేడి సూదితో పది పన్నెండు చిల్లులు పెట్టి, పైన టిష్యూ పేపరు అతికించండి. చిల్లులు మాత్రమే వదిలితే పండ్ల ఈగలు దూరి గుడ్లు పెడతాయి.

ఓట్స్ మిక్సీలో పొడిచేసి నాలుగు టేబుల్ స్పూన్లు తీసుకోండి. వేడినీళ్లు కొద్దికొద్దిగా కలిపి గట్క చిక్కదనానికి తెచ్చి, పూర్తిగా చల్లారనివ్వండి. వేడి మీద స్టార్టర్ వేస్తే ఉడికిపోతుంది. డబ్బాలో సెంటీమీటరు మందాన పరిచి, పైన చిటికెడు డ్రై ఈస్ట్ చల్లి, మధ్యలో చెంచాడు స్టార్టర్ పెట్టండి. గోధుమపిండి, తెల్ల బ్రెడ్ కూడా పనిచేస్తాయి. గోధుమపిండి జిగురెక్కి గోడలకి పాకుతుంది, శనగపిండి త్వరగా కంపుకొడుతుంది. ఓట్సే మేలు.

మూడు నాలుగు రోజులకి పైభాగం మెరుస్తూ సన్నగా కదలడం కనిపిస్తుంది. ఆ తర్వాత పురుగులు గోడలెక్కుతాయి. గోడమీద తెల్లగా అల్లుకున్నవాటిని వేలితోనో పెయింటింగ్ బ్రష్షుతోనో తుడిచి, చిన్న గ్లాసు నీళ్లలో ఝాడించండి. రెండు నిమిషాల్లో పురుగులు అడుక్కి దిగుతాయి. పైనీళ్లు వంపి, మిగిలింది సిరంజితో వేయండి. పిండి మాత్రం పోకూడదు, ట్యాంకుని పాడుచేసేది అదే.

పురుగులు గోడలెక్కకపోతే మిశ్రమం మరీ గట్టిగా ఉన్నట్టు. కొంచెం నీళ్లు చిలకరించండి. పిండే గోడమీదికి పాకుతుంటే పలచబడినట్టు. పొడి ఓట్స్ చల్లండి. పుల్లటి వాసన మామూలే. ముక్కు మూసుకోవాల్సిన కంపు, పైన గోధుమరంగు నీళ్లు కనిపిస్తే కల్చర్ పోబోతోంది, ఆరోజే గోడలమీది పురుగులతో కొత్త డబ్బా మొదలుపెట్టండి. బూజు పట్టేది ఎక్కువగా స్టార్టర్ తక్కువ వేసిన డబ్బాలకే. చిన్న మచ్చయితే చెంచాతో చుట్టూ కలిపి తీసేయొచ్చు.

మామూలు రోజుల్లో డబ్బా మూడు వారాలు వస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో పగలు 40 డిగ్రీలు దాటే మన ఎండలకి పది రోజులు వస్తే గొప్పే. 30 డిగ్రీలు దాటితే ఈస్ట్ ఉప్పొంగి, మిశ్రమం పులిసి, పురుగులు చస్తాయి. వెడల్పాటి మట్టి మూకుడులో తడి ఇసుక పోసి, దానిమీద డబ్బా పెట్టి, ఇంట్లో నేలమీద గాలి ఆడేచోట ఉంచండి. రోజూ ఇసుక తడపండి. ఇసుక తడిగా ఉంటే చీమలూ దగ్గరికి రావు. ఎండాకాలంలో ఒక డబ్బా ఫ్రిజ్ తలుపు అరలో కూడా దాచుకోండి. పెరగడం ఆగుతుంది గానీ చావవు. ప్రతి ఆదివారం ఒక కొత్త డబ్బా మొదలుపెట్టి మూతమీద మార్కర్‌తో తేదీ రాయడం అలవాటు చేసుకుంటే ఎప్పటికీ స్టార్టర్ కోసం అడుక్కోనక్కర్లేదు.

స్టార్టర్లు అక్వేరియం షాపుల్లో, పెంపకందారుల దగ్గర దొరుకుతాయి. ఎండాకాలంలో కొరియర్‌లో తెప్పించొద్దు. వ్యాన్‌లోనే ఉడికిపోతాయి. తప్పదంటే వెనిగర్ ఈల్స్ తెప్పించుకోండి, అవి మొండివి.

ఆర్టీమియా

ముందు గుడ్డుపొడి గురించి. ఈ గుడ్లలో పెద్ద వాటా అమెరికాలోని గ్రేట్ సాల్ట్ లేక్ నుంచి వస్తాయి. కోస్తాలోని రొయ్య హేచరీలకు సీలువేసిన డబ్బాల్లో చేరతాయి. షాపులో చిన్న పొట్లాల్లో దొరికేది ఆ డబ్బా విప్పి కట్టినదే. డబ్బా ఎప్పుడు విప్పారో అడగండి. తేమ తగిలిన గుడ్డు పొదగదు, మన వానాకాలంలో ఇదే పెద్ద చిక్కు. కొన్నవెంటనే గాలిచొరని చిన్న సీసాలో, సిలికా జెల్ పొట్లంతో, ఫ్రిజ్‌లో పెట్టండి. తీసిన చెంచా తడిగా ఉండకూడదు.

ఒక గ్రాము గుడ్లలో రెండు లక్షలకు పైనే ఉంటాయి. కాబట్టి వంద ఫైటర్ పిల్లలకి రోజుకి పావు గ్రాము, అంటే రెండు చిటికెలు, మించి అక్కర్లేదు.

లీటరు కూల్‌డ్రింక్ సీసా అడుగు కోసేసి, మూత కిందికి వచ్చేలా తలకిందులుగా నిలబెట్టండి. మూతకి ఎయిర్ ట్యూబు దూరేంత చిల్లు పెట్టి ఎమ్‌సీల్‌తో అతికించండి. ట్యూబు మధ్యలో నాన్ రిటర్న్ వాల్వు తప్పనిసరి, లేదా పంపుని నీటిమట్టం కంటే ఎత్తులో పెట్టాలి. కరెంటు పోయిన క్షణంలో ఉప్పునీళ్లు వెనక్కి పంపులోకి దిగి అది పోతుంది, స్విచ్‌బోర్డు మీద నీళ్లు కారితే ఇంకా ప్రమాదం.

అర లీటరు నీళ్లకి 12 నుంచి 13 గ్రాముల ఉప్పు. వంటింటి త్రాసుతో తూచండి, దొడ్డు ఉప్పు చెంచాతో కొలిస్తే తేడా వస్తుంది. దొడ్డు ఉప్పయితే కరిగించి గుడ్డలో వడకట్టండి. అయోడిన్ ఉప్పుతోనూ పొదుగుతాయి, ఆ భయం అనవసరం. ఆర్‌ఓ నీళ్లు లేదా మెత్తటి నల్లా నీళ్లయితే పావు చెంచా వంటసోడా కలపండి, పీహెచ్ 8 దాటాలి. గట్టి బోరు నీళ్లకి అవసరం ఉండదు.

గుడ్లు వేసి, ఏదీ అడుగున నిలవనంత జోరుగా గాలి ఇవ్వండి. మొదటి కొన్ని గంటలు దగ్గరగా లైటుండాలి, పొదగడానికి ఆ వెలుతురే మీట నొక్కుతుంది. 28 డిగ్రీల దగ్గర 18 నుంచి 24 గంటల్లో నారింజరంగు పిల్లలు బయటికొస్తాయి. డిసెంబరు, జనవరి రాత్రుల్లో ఇంట్లో 20 డిగ్రీలకు పడిపోతే 36 గంటలు దాటొచ్చు. అప్పుడు సీసాని నీళ్ల బకెట్లో నిలబెట్టి, ఆ బకెట్లో చిన్న అక్వేరియం హీటరు వేయండి. ఎల్‌ఈడీ బల్బు పక్కన పెట్టి వెచ్చదనం వస్తుందనుకోవద్దు, దాంతో వెలుతురే వస్తుంది. మే నెలలో పగలు మేడమీద, సన్‌సైడ్ మీద పెట్టొద్దు. 33 డిగ్రీలు దాటితే పొదిగే శాతం పడిపోతుంది.

వేరుచేయడమే అసలు పని. గాలి ఆపి పది నిమిషాలు ఆగండి. ఖాళీ పెంకులు పైకి తేలతాయి, పొదగని గుడ్లు అట్టడుగుకి దిగుతాయి, పిల్లలు వాటిపైన నారింజ పొరగా చేరతాయి. పైభాగాన్ని గుడ్డతో కప్పి, కింద మూత దగ్గర టార్చి పెడితే వెలుతురుకి వచ్చేస్తాయి. ట్యూబు కిందికి వంచి మొదటి రెండు చెంచాలు పారబోయండి, అవి పొదగని గుడ్లు. తర్వాత వచ్చే నారింజ నీళ్లు పట్టుకోండి. పెంకులు రాకముందే ఆపేయండి. పెంకు చేపపిల్లకి అరగదు, పేగులో అడ్డం పడుతుంది.

వడకట్టడానికి టీ జల్లెడ పనికిరాదు, పిల్లలన్నీ జారిపోతాయి. ఛత్తాబజార్‌లాంటి ప్రింటింగ్ ప్రెస్సులున్నచోట స్క్రీన్ ప్రింటింగ్ సామాన్లమ్మే షాపులో సెంటీమీటరుకి 77 దారాల మెష్ అడగండి. రంధ్రం సుమారు 80 మైక్రాన్లు, పిల్ల ఒక్కటీ పోదు. జానెడు ముక్కని పీవీసీ పైపు ముక్కకి అతికిస్తే జీవితకాలపు జల్లెడ. వడకట్టాక మంచినీళ్లతో ఒకసారి కడిగి వేయండి.

పొదిగిన తొలిగంటల్లో ఆర్టీమియా పిల్లలో సొన నిండుగా ఉంటుంది, అసలు బలం అదే. గంటలు గడిచేకొద్దీ అది తగ్గిపోతుంది. మిగిలినవి ఉప్పునీళ్లలోనే పలచగా పోసి ఫ్రిజ్‌లో పెడితే మరుసటిరోజుదాకా పనికొస్తాయి. మంచినీళ్లలో ఇవి కొన్ని గంటలే బతుకుతాయి కాబట్టి ఒక్కసారే గుమ్మరించకండి.

పొదగకపోతే మొదట గుడ్లని అనుమానించండి. 36 గంటల తర్వాత కూడా గుడ్డు పగిలి, పిల్ల సగం వేలాడుతూ ఆగిపోయిందంటే చల్లదనమో పాతబడ్డ గుడ్డో కారణం. గుడ్లు గోడకి అంటుకుని ఎండిపోతే సిరంజితో నీళ్లు చిమ్మి కిందికి దించాలి. గాలి చాలకపోతే అడుగున ముద్దకట్టి కుళ్ళుతాయి.

ఎంత వేయాలి

ఇరవై లీటర్ల ట్యాంకు, పది పన్నెండు సెంటీమీటర్ల నీళ్లు, వందా నూటయాభై ఫైటర్ పిల్లలు అనుకుందాం. ఈదడం మొదలైన రోజు నుంచి మూడు రోజులు పూటకి 50 మి.లీ. చొప్పున రోజుకి మూడుసార్లు ఇన్ఫుసోరియా, పొద్దున్నా సాయంత్రం సిరంజిన్నర వెనిగర్ ఈల్స్. మూడోరోజు నుంచి కొద్దిగా మైక్రోవర్మ్. నాలుగో ఐదో రోజు ఆర్టీమియా ఒక చుక్క వేసి, పావుగంట తర్వాత టార్చి వేసి చూడండి. పొట్ట నారింజరంగుకి మారిన పిల్ల తిన్నట్టు, తెల్లగా ఉన్నది మైక్రోవర్మ్ తిన్నట్టు, ఖాళీగా పారదర్శకంగా ఉన్నది ఆకలితో ఉన్నట్టు. అన్నిటికీ ఒకేరోజు నోరు సరిపోదు. కాబట్టి చివరి చిన్న పిల్ల పొట్ట నారింజ అయ్యేదాకా సన్నటి మేత ఆపకండి. ఒక్క మైక్రోవర్మ్ మీదే ఫైటర్లని పెంచొద్దు, అడుగున మిగిలినవి చచ్చి అక్కడి నీళ్లు పాడవుతాయి.

రాత్రిపూట గదిలో చిన్న లైటు ఉంచితే పిల్లలు వెనిగర్ ఈల్స్‌ని తింటూనే ఉంటాయి. అడుగున చనిపోయిన మేతని రోజూ ఎయిర్ ట్యూబుతో పీల్చి, పదోవంతు నీళ్లు మార్చండి. ట్యూబు చివర గుడ్డ కట్టకపోతే పిల్లలూ బకెట్లోకి వస్తాయి. పోసే నీళ్లు అదే ఉష్ణోగ్రతలో, చుక్కచుక్కగా. రెండు మూడు చిన్న నత్తలు ఉంటే మిగిలిన మేత సంగతి అవే చూసుకుంటాయి.

రెండు వారాలకి పిల్లలు ఆర్టీమియాని వేటాడి తింటున్నాయంటే ఇన్ఫుసోరియా జాడీలు కడిగేయొచ్చు. మూడు నాలుగు వారాలకి మొయినా (చిన్న నీటి ఈగ), సన్నగా దంచిన పొడిమేత కలుపుతూ రావచ్చు. వెనిగర్ సీసాల్లో నెలకోసారి యాపిల్ ముక్క వేసి అల్మరాలో ఉంచండి, మైక్రోవర్మ్ డబ్బా వారంవారం తిప్పుతుండండి. ఆర్టీమియా గుడ్ల సీసాలో సిలికా జెల్ గింజల రంగు మారిందంటే తేమ పట్టినట్టే, ఆ పొట్లం మార్చి మూత మళ్లీ గట్టిగా బిగించి ఫ్రిజ్‌లో పెట్టండి.